అపలాచియన్ ట్రెయిల్ మీద రోజూ హాస్టల్ దొరుకుతుందా? ఒంటరిగా నడవాలనుకునే శాకాహారికి నా జవాబు

నమస్తే అండి. మీ ప్రశ్న చదివాను. మీరు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తున్నారు, శాకాహారి, అమెరికా తూర్పు కొండల వెంట పోయే పొడుగాటి నడకదారి అపలాచియన్ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా నడవాలని ఉంది. మీ స్నేహితురాలు స్పెయిన్‌లో కామినో అనే యాత్రికుల దారి నడిచి వచ్చారు కాబట్టి, ఇక్కడ కూడా ప్రతి రాత్రికీ ఒక హాస్టల్ (బాటసారులకి బంకు మంచం ఇచ్చే చవక బస) ముందే బుక్ చేసుకుంటూ పోవచ్చా అని అడిగారు. తిండి సంగతేంటి, గుంటూరులో అమ్మకి ఏం చెప్పాలి అన్నవి మిగతా రెండు ప్రశ్నలు.

నేను ఈ ట్రెయిల్‌ని ముక్కలు ముక్కలుగా కొన్నేళ్ళపాటు నడిచి పూర్తి చేశాను. ఆ తర్వాత వర్జీనియాలో ఒక హాస్టల్‌లో సీజన్‌లో సాయానికి ఉండేవాణ్ణి. దుప్పట్లు ఉతకడం, వంట, హైకర్లని, అంటే ట్రెయిల్ నడిచేవాళ్ళని, చేరవేసే షటిల్ వ్యాన్ నడపడం లాంటి పనులన్నీ చేశాను. అందుకే హాస్టళ్ళ గురించి మీకు కాస్త ఎక్కువే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, రోజూ హాస్టల్ దొరకదు. సగటున నాలుగైదు రోజులకొకసారి దొరుకుతుంది. ముందే అన్నీ బుక్ చేసుకోవడం కుదరదు, కుదిరినా చేయొద్దు. ఈ దారిలో హాస్టల్‌ని ఎప్పుడు వాడుకోవాలి, అక్కడి నుంచి ఎప్పుడు బయటపడాలి అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

కామినోతో తేడా ఎక్కడంటే, కామినో దారుల్లో ఒకటైన ఫ్రెంచ్ కామినో సుమారు 780 కిలోమీటర్లు. ఊరి నుంచి ఊరికి పోయే దారి అది. సాయంత్రానికి ఏదో ఒక ఊరు, ఆ ఊళ్ళో యాత్రికుల బస, పక్కనే భోజనం ఉంటాయి. అపలాచియన్ ట్రెయిల్ జార్జియాలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల గుండా పోతుంది. పొడవు సుమారు 2,200 మైళ్ళు, అంటే 3,500 కిలోమీటర్ల పైమాటే. ఇది ఊళ్ళకు దూరంగా, కొండల శిఖరాల వెంట నడవడానికని కావాలని వేసిన దారి. 1921లో బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. వాలంటీర్లు 1937 నాటికి దారి మొత్తం కలిపారు. ఇప్పటికీ విరిగిపడ్డ చెట్లు కోసి దారి తీసేది, చెట్ల మీద తెల్ల గుర్తులు వేసేది ఎక్కువగా వాలంటీర్ క్లబ్బుల వాళ్ళే. 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఉన్న ఆ తెల్ల పట్టీ కనిపిస్తే మీరు దారిలోనే ఉన్నట్టు. నీలం పట్టీ అయితే నీళ్ళకో షెల్టర్‌కో పోయే పక్కదారి. మొత్తం మీద ఎక్కే ఎత్తు లెక్కేస్తే సముద్రమట్టం నుంచి ఎవరెస్ట్‌ని 16 సార్లు ఎక్కినంత అవుతుంది.

ఎక్కువ రాత్రులు మీరు పడుకునేది షెల్టర్‌లో, లేదా దాని పక్కన మీ టెంట్‌లో. షెల్టర్ అంటే మూడు వైపుల చెక్క గోడ, పైన కప్పు, కింద చెక్క నేల. నాలుగో వైపు ఏమీ ఉండదు, ఎదురుగా అడవే. ఇలాంటివి దారి పొడవునా 250కి పైగా ఉన్నాయి. చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు, బుకింగ్ లేదు, ముందు వచ్చినవాళ్ళదే చోటు. దగ్గర్లో ఒక ఊట, కాస్త దూరంలో చెక్కతో కట్టిన మరుగుదొడ్డి ఉంటాయి. ఎలుకలు తప్పకుండా ఉంటాయి, అందుకే తిండి ఏదీ బ్యాగులో పెట్టుకుని పడుకోరు. షెల్టర్‌లో ఒక నోట్‌బుక్ కూడా ఉంటుంది. వచ్చినవాళ్ళు తేదీ, పేరు, ఎక్కడికి పోతున్నదీ రాస్తారు. మీరు తప్పకుండా రాయండి. ఎవరైనా వెతకాల్సి వస్తే మొదట చూసేది ఆ పుస్తకమే. వానలో షెల్టర్ నిండిపోతుంది కాబట్టి టెంట్ లేకుండా బయలుదేరడం మంచిది కాదు.

ఒక మామూలు రోజు ఎలా ఉంటుందో చెబుతాను. వెలుతురు రాగానే లేస్తారు. ఏదో చల్లటి తిండి తిని, టెంట్ మడిచి, ఏడింటికల్లా నడక మొదలు. మొదటి వారాల్లో రోజుకి 8 నుంచి 10 మైళ్ళు చాలు, ఒళ్ళు అలవాటు పడ్డాక 15, 20 వస్తాయి. రోజంతా ఆలోచించేది మూడే విషయాలు: తర్వాతి నీళ్ళు ఎక్కడ, తర్వాతి ఎక్కుడు ఎంత, రాత్రికి చోటు ఎక్కడ. ఫోన్‌లో ఫార్‌అవుట్ యాప్ ఈ మూడూ చెబుతుంది. అయినా కాగితం గైడు ఒకటి వెంట ఉంచుకోండి. సాయంత్రం నీళ్ళు వడపోసుకుని, అన్నం వండుకుని, తిండి సంచి ఎలుగుబంట్లకి అందకుండా చెట్టుకి వేలాడదీసి తొమ్మిదికి పడుకుంటారు. హైకర్లు ఆ తొమ్మిదినే అర్ధరాత్రి అంటారు. ఈ సాదా రోజులు వరసగా గడుస్తుంటే మనసులో రొద తగ్గుతుంది. ఆ ప్రశాంతత కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. మీకూ అది దక్కాలని కోరుకుంటున్నాను.

ఇక హాస్టల్ విషయానికి వద్దాం. నాలుగైదు రోజుల నడక తర్వాత ట్రెయిల్ ఒక రోడ్డుని దాటుతుంది. అక్కడి నుంచి ఫోన్ చేస్తే హాస్టల్ వాళ్ళు వ్యాన్‌లో వచ్చి తీసుకుపోతారు, లేదా అర మైలో మైలో నడిస్తే చేరిపోతాం. చాలావరకు ఇవి ఎవరో ఒక కుటుంబం నడిపే ఇళ్ళు. పాత ఫార్మ్ హౌస్, గ్యారేజీ మీద గది, కొట్టాన్ని బాగుచేసి వేసిన రెండంతస్తుల బంకులు, ఇలా ఉంటాయి. బంకుకి ఈ రోజుల్లో మామూలుగా 30 నుంచి 50 డాలర్ల మధ్య తీసుకుంటారు. కొన్ని చోట్ల స్నానం, బట్టల ఉతుకు, ఉదయం టిఫిన్ అందులోనే కలిసి ఉంటాయి, కొన్ని చోట్ల వేరే. పెరట్లో టెంట్ వేసుకుంటే ఇంకా తక్కువ. షటిల్‌కి మైళ్ళ లెక్కన వేరే డబ్బు.

లోపలికి వెళ్ళగానే బూట్లు బయట విప్పాలి, మనకిది కొత్త కాదు. బ్యాగు మంచం మీద పెట్టకూడదు. కొన్ని చోట్ల నల్లుల భయంతో బ్యాగుల్ని గదిలోకే రానివ్వరు. మీ బట్టలన్నీ ఒకేసారి ఉతకాలి కదా, అప్పటిదాకా తొడుక్కోవడానికి వాళ్ళే పాత బట్టలు ఇస్తారు. పూల చొక్కాలు, మూడు సైజులు పెద్ద ప్యాంట్లు వేసుకుని అందరూ వరండాలో కూర్చుంటారు. బ్యాంకు మేనేజరు ఎవరో కాలేజీ పిల్లాడు ఎవరో ఆ బట్టల్లో తెలియదు. ఒక మూల హైకర్ బాక్స్ అని ఒక పెట్టె ఉంటుంది. ఎవరికి ఎక్కువైన తిండీ సామానూ వాళ్ళు అందులో వేస్తారు, కావాల్సినవాళ్ళు తీసుకుంటారు. ఓట్స్, పాలపొడి, సగం వాడిన గ్యాస్ డబ్బా లాంటివి చాలాసార్లు దొరుకుతాయి. లేబుల్ లేని పొడులు మాత్రం తీసుకోవద్దు. మాంసం పొడి కలిసి ఉండవచ్చు.

నడిపేవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. సీజన్‌లో వాళ్ళు తెల్లవారుజామున లేచి ఇరవై మందికి ప్యాన్‌కేకులు వేస్తారు. పగలంతా దుప్పట్లు ఉతికి, వ్యాన్ నడిపి, మూసుకుపోయిన డ్రెయిన్ బాగుచేసి, రాత్రి వానలో ఫోన్ చేసిన వాళ్ళ కోసం మళ్ళీ వ్యాన్ తీస్తారు. ఆదాయం మార్చి నుంచి అక్టోబరు లోపు వచ్చిందే. చాలామంది ఒకప్పుడు ఈ దారి నడిచినవాళ్ళే, తమకి అందిన సాయం తిరిగి ఇద్దామని ఈ పని మొదలుపెట్టినవాళ్ళు. కాబట్టి బంకు చెప్పి ఉంచి, రాలేకపోతే తప్పకుండా ఫోన్ చేయండి. ఫోన్ చేయకపోతే మీకోసం ఆపిన మంచం ఖాళీగా ఉంటుంది, ఇంకొకరు వానలో నడుచుకుంటూ పోయి ఉంటారు. తిన్న పళ్ళెం మీరే కడగండి. చీపురు కనిపిస్తే వరండా ఊడవండి. ఇలాంటివి వాళ్ళు మర్చిపోరు, నిజం.

విరాళం మీద నడిచే హాస్టళ్ళు కూడా ఉన్నాయి, ముఖ్యంగా చర్చిలవి. మీకు దగ్గర్లోనే, పెన్సిల్వేనియా అంచున ఉన్న డెలావేర్ వాటర్ గ్యాప్ ఊళ్ళో ప్రెస్బిటేరియన్ చర్చి వాళ్ళు 1976 నుంచి హైకర్లకి చోటిస్తున్నారు. ఏ మతమని అడగరు, ప్రార్థనకి రమ్మని బలవంతం చేయరు. అక్కడ డబ్బు అడగలేదు కదా అని ఊరికే వెళ్ళిపోకండి. పెట్టెలో మనస్ఫూర్తిగా వేయండి. అందరూ ఉచితం అనుకుంటే కరెంటు బిల్లు కట్టలేక ఇలాంటివి మూతపడతాయి. మూతపడినవి చాలా ఉన్నాయి.

1948లో మొదటిసారి ఈ దారిని ఒక్క విడతలో నడిచిన ఎర్ల్ షాఫర్‌కి ఈ హాస్టళ్ళేవీ లేవు. 1955లో 67 ఏళ్ళ వయసులో ఒంటరిగా, గుడ్డ బూట్లతో ఈ దారి నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ చాలా రాత్రులు దారిలో ఇళ్ళ తలుపు తట్టి చోటు అడిగారు. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. పదకొండు మంది పిల్లల తల్లి ఆవిడ. ఒంటరిగా అమ్మాయి ఎలా నడుస్తుంది అని ఎవరైనా అడిగితే ఆవిడ సంగతి చెప్పండి.

హాస్టల్‌లో ఒక ప్రమాదం కూడా ఉంది. మొదలుపెట్టిన నలుగురిలో ఒకరే చివరిదాకా వెళతారని ట్రెయిల్ సంరక్షణ సంస్థ చెబుతుంది. నేను చూసినంతలో ఆగిపోవాలన్న నిర్ణయాల్లో ఎక్కువ భాగం కొండ మీద జరగదు. వేడినీళ్ళ స్నానం చేసి, పిజ్జా తిని, బయట వాన పడుతుంటే సోఫాలో కూర్చున్నప్పుడు జరుగుతుంది. ఒక రోజు విశ్రాంతి రెండవుతుంది, రెండు మూడవుతాయి, వెంట నడిచినవాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇంటికి టికెట్ చూడటం మొదలవుతుంది. అందుకని హాస్టల్‌కి వెళ్ళేముందే ఎందుకు వెళుతున్నారో అనుకోండి: బట్టలు, స్నానం, తిండి కొనుక్కోవడం, ఒక రాత్రి నిద్ర. ఉదయం షటిల్ సీటు రాత్రే చెప్పి ఉంచండి. మోకాలు వాచినా, జ్వరం వచ్చినా ఎన్ని రోజులైనా ఆగండి, అది వేరే విషయం. కానీ వాన పడే రోజున మాత్రం మానేయాలన్న నిర్ణయం తీసుకోవద్దు. ఎండ కాసిన రోజున, కడుపు నిండా తిన్నాక కూడా ఇంటికి వెళ్ళాలనిపిస్తే అప్పుడు నిస్సంకోచంగా వెళ్ళండి.

దారిలో మీరు తప్పక చూడాల్సిన చోట్లు కొన్ని. జార్జియాలో స్ప్రింగర్ నుంచి సుమారు 31 మైళ్ళకి నీల్ గ్యాప్‌లో ఒక రాతి కట్టడం వస్తుంది. ట్రెయిల్ ఆ కట్టడం మధ్యలోంచే పోతుంది. అక్కడ హైకింగ్ సామాన్ల దుకాణం, హాస్టల్ ఉన్నాయి. ఎదుట ఒక చెట్టుకి వందల బూట్లు వేలాడుతుండేవి. ఆ దుకాణం వాళ్ళని మీ బ్యాగు విప్పి చూడమనండి. ఏది అనవసరమో వాళ్ళు చెబుతారు, మీరు దాన్ని అక్కడి నుంచే ఇంటికి పోస్టు చేసేయొచ్చు. దానికి ముందు వచ్చే బ్లడ్ మౌంటెన్ దగ్గర మార్చి 1 నుంచి జూన్ 1 దాకా రాత్రి ఉండాలంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కుకి 40 డాలర్ల పర్మిట్ ముందే తీసుకోవాలి. ట్రెయిల్ మొత్తంలో ఎత్తైన చోటు కువోహి, 6,643 అడుగులు, అక్కడే ఉంది. పాత మ్యాపుల్లో అది క్లింగ్‌మన్స్ డోమ్ అని ఉంటుంది, 2024లో చెరోకీల పాత పేరు తిరిగి పెట్టారు. ఏప్రిల్‌లో కూడా అక్కడ మంచు పడుతుంది, జాగ్రత్త.

నార్త్ కరోలినాలో హాట్ స్ప్రింగ్స్ ఊరి ప్రధాన వీధిలోంచే ట్రెయిల్ పోతుంది. అక్కడ సన్నీబ్యాంక్ ఇన్ అనే పాత ఇంటికి శాకాహార భోజనం విషయంలో దశాబ్దాల పేరుంది, మీకోసమే అన్నట్టు. వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఈ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది. హాట్ స్ప్రింగ్స్‌లోకి, వర్జీనియాలోని డమాస్కస్ ఊళ్ళోకి వరద వచ్చింది. టెనెసీలో ఎర్విన్ దగ్గర నోలిచకీ నది ఒడ్డున హైకర్లు ఎంతో ఇష్టపడే హాస్టల్ ఒకటి ఆ వరదలో పాడైపోయింది. ఈ ఊళ్ళలో ఆగి ఒక పూట భోజనం చేసినా, దుకాణంలో కొన్నా, వాళ్ళు నిలదొక్కుకోవడానికి సాయం చేసినట్టే. డమాస్కస్‌లో మే నెలలో ట్రెయిల్ డేస్ అని హైకర్ల జాతర జరుగుతుంది. పాత హైకర్లు, కొత్త హైకర్లు అందరూ అక్కడ కలుస్తారు.

వర్జీనియాలో పియరిస్‌బర్గ్ దగ్గరి వుడ్స్ హోల్ దుంగలతో కట్టిన పాత ఇల్లు. తోటలో పండిన కూరలతో వంట చేసి అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు. నాకు బాగా ఇష్టమైన చోట్లలో అదొకటి. వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీలో ట్రెయిల్ సంస్థ ఆఫీసు ఉంది. సగం దారి దగ్గర పెన్సిల్వేనియాలో పైన్ గ్రోవ్ ఫర్నేస్ అనే పార్కులో హైకర్లు అర గ్యాలన్ ఐస్‌క్రీమ్ ఒక్కసారిగా తింటారు. అది పూర్తి శాకాహార పందెమే కాబట్టి మీరూ కూర్చోవచ్చు. ఆ తర్వాత పెన్సిల్వేనియా అంతా రాళ్ళే, కొత్త బూట్లు అక్కడికి ముందే తీసుకోండి.

న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో కథ మారుతుంది. అక్కడ కొండ మీది హట్‌లు, అంటే బస ఇళ్ళు, రాత్రికి వంద డాలర్లు దాటుతాయి. మొత్తం దారి నడిచే హైకర్లలో ఒకరిద్దరికి, ఖాళీని బట్టి, పనికి బదులుగా భోజనశాల నేల మీద పడుకోనిచ్చి మిగిలిన వంట పెడతారు. దీన్ని నమ్ముకుని వెళ్ళొద్దు. దొరికితే సంతోషం. మెయిన్‌లో కెన్నెబెక్ నదిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నడిచి దాటకండి. ఎగువన డ్యామ్ నీళ్ళు వదిలితే మట్టం చప్పున పెరుగుతుంది. సీజన్‌లో హైకర్లని ఉచితంగా దాటించే పడవ ఉంది, దాని అడుగునే ట్రెయిల్ తెల్ల పట్టీ వేసి ఉంటుంది. ఆ పైన మాన్సన్ ఊళ్ళో షాస్ హాస్టల్ 1977 నుంచి ఉంది. దాని తర్వాత వచ్చే వంద మైళ్ళ అడవిలో ఊరు లేదు. కొంత డబ్బు కడితే మధ్యలో ఒక చోట మీ తిండి బకెట్ పెట్టించే ఏర్పాటు వాళ్ళు చేస్తారు. నా సలహా, తప్పకుండా పెట్టించుకోండి. కటాడిన్‌కి అక్టోబరు మధ్యలోపు చేరేలా చూసుకోండి, చలికాలం మొదలైతే పార్కు దారి మూసేస్తుంది.

తిండి దగ్గరికి వస్తే, శాకాహారిగా ఈ దారి పూర్తి చేయడం కష్టమేమీ కాదు. ప్లాన్ లేకుండా వెళితేనే కష్టం. రోజుకి 4,000 కేలరీలు పైగా ఖర్చవుతాయి, మోసేదేమో మీరే. కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇచ్చేది కావాలి. ఈ విషయంలో మన వంటిల్లు గొప్పది. సున్నుండలు, నువ్వుండలు, పల్లీ చిక్కీ ఏ ఎనర్జీ బారుకీ తీసిపోవు. వేయించిన అటుకుల్లో పల్లీలు, ఎండుకొబ్బరి, కరివేపాకు కలిపి పెట్టుకుంటే మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పని లేదు. రాత్రికి ఇన్‌స్టంట్ అన్నం, దాంట్లో కందిపొడి, నెయ్యి. నెయ్యి గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలో, దాన్ని మళ్ళీ జిప్ కవర్‌లో పెట్టండి. ఇంట్లో వండిన గట్టి పప్పుని డీహైడ్రేటర్‌లో పలచగా ఆరబెట్టి పొడిచేస్తే, మరిగే నీళ్ళు పోసి పావుగంట మూత పెడితే చాలు, మళ్ళీ పప్పవుతుంది. వేయించిన ఉప్మారవ్వ కూడా అంతే. ఆవకాయ మీద ప్రేమ ఉంటే నూనె వాడ్చి కాస్త మాత్రం తీసుకోండి. నూనె కారితే స్లీపింగ్ బ్యాగుకి ఆ వాసన వదలదు, ఎలుగుబంటి ముక్కు చాలా చురుకైనది. దారి ఊళ్ళలో డాలర్ జనరల్ లాంటి దుకాణాల్లో పీనట్ బటర్, టోర్టియాలు, చీజ్, ఓట్స్ ఎప్పుడూ దొరుకుతాయి. మన సరుకు మాత్రం డబ్బాలుగా కట్టి స్నేహితుల చేత పోస్టు చేయించుకోండి. హాస్టళ్ళు చాలావరకు డబ్బాలు దాచి ఉంచుతాయి, ముందు ఫోన్ చేసి అడగాలి. పోస్టాఫీసుకి పంపితే శని ఆదివారాల వేళలు చూసుకోవాలి. ఆరు నెలలకి సరిపడా డబ్బాలు ముందే కట్టకండి. రెండో నెలకే నోటికి రుచి మారిపోతుంది.

హాస్టల్ వంటింట్లో అనుమతి ఉంటే అందరికీ ఒకసారి వండండి. నేనొక హాస్టల్‌లో రైస్ కుక్కర్ చూసి, ఊళ్ళో నిమ్మకాయలు కొనుక్కొచ్చి పులిహోర కలిపాను. పోపు వాసనకే వరండాలో ఉన్నవాళ్ళంతా లోపలికి వచ్చారు. గిన్నె ఖాళీ అయింది. ఆ తర్వాత మెయిన్ దాకా నన్ను "లెమన్ రైస్" అనే పిలిచారు. ట్రెయిల్ మీద అసలు పేర్లతో ఎవరూ పిలుచుకోరు. తోటివాళ్ళు పెట్టిన పేరే ఉంటుంది. మన పొడుగాటి పేర్లు పలకలేక ఇబ్బంది పడే బాధ కూడా అక్కడ లేదు.

ఆరోగ్యంలో రెండు విషయాలు గట్టిగా చెబుతాను. ఒకటి నోరోవైరస్. వసంతంలో రద్దీగా ఉన్న షెల్టర్లలో, హాస్టళ్ళలో అది ఒకరి నుంచి ఒకరికి వేగంగా పాకుతుంది. రెండు రోజులు వాంతులు, విరేచనాలతో మనిషి లేవలేడు. చేతికి రాసుకునే శానిటైజర్ దానిమీద సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళతో కడగాల్సిందే, ఊటకి దూరంగా. ఎవరి చిప్స్ ప్యాకెట్‌లోనూ చెయ్యి పెట్టకండి, కావాలంటే మీ చేతిలో పోయించుకోండి. మీకే వస్తే హాస్టల్ వాళ్ళకి లోపలికి వెళ్ళకముందే ఫోన్‌లో చెప్పండి. దాచిపెడితే ఇరవై మందికి అంటుతుంది. రెండోది లైమ్ జబ్బు. రక్తం పీల్చే టిక్ అనే చిన్న పురుగు కరిస్తే వస్తుంది. ఎలుగుబంటి కంటే నేను భయపడేది గసగసాల గింజంత ఉండే పిల్ల టిక్‌కే. బట్టలకి, బూట్లకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టండి. రోజూ రాత్రి మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో చూసుకోండి. ఎర్రటి వలయం కనిపించినా, కారణం లేకుండా జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. త్వరగా మందు పడితే బాగవుతుంది.

అమ్మకి ఏం చెప్పాలి అన్నారు. నిజం చెప్పండి. ఇది జనం లేని దారి కాదు. మార్చి, ఏప్రిల్‌లో దక్షిణం నుంచి బయలుదేరితే మొదటి వారంలోనే మీతో సమానంగా నడిచే నలుగురైదుగురు దొరుకుతారు. వాళ్ళే రోజూ మీరు వచ్చారా లేదా అని చూసేవాళ్ళు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరం కొనండి. సిగ్నల్ లేని చోట నుంచి కూడా రోజూ సాయంత్రం "క్షేమం" అని మెసేజ్ పోతుంది. అయితే ఏదో ఒక రోజు ఆ మెసేజ్ రాకపోవచ్చని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అక్కడ టెన్షన్ పడతారు. రోడ్డుకి దగ్గరగా ఒంటరిగా టెంట్ వేయొద్దు. దారిలో కలిసిన కొత్తవాళ్ళకి రాత్రి ఎక్కడ ఆగుతారో కచ్చితంగా చెప్పాల్సిన పనిలేదు. ఎవరి దగ్గరైనా మనసుకి సరిగా అనిపించకపోతే కారణం వెతక్కండి, బ్యాగు సర్దుకుని ముందుకు వెళ్ళిపోండి. హాస్టల్ వాళ్ళకి చెబితే వాళ్ళు దారి పొడవునా మిగతావాళ్ళకి కబురు చేరుస్తారు. ఈ విషయంలో వాళ్ళ మధ్య మంచి ఐకమత్యం ఉంది.

మీరు అడగలేదు కానీ వీసా గురించి చెప్పక తప్పదు. హెచ్-1బి మీద ఉంటే ఆరు నెలల సెలవు చిన్న విషయం కాదు. ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువే. కంపెనీతో, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా రాజీనామా చేయకండి. ముక్కలుగా నడవడం తక్కువేమీ కాదు. ఏటా రెండు మూడు వారాలు పెట్టి కొన్నేళ్ళలో పూర్తి చేసినవాళ్ళకీ సంస్థ అదే గుర్తింపు ఇస్తుంది. డబ్బు విషయంలో నెలకి వెయ్యి డాలర్లన్న పాత లెక్క ఇప్పుడు చాలదు. అంతకన్నా ఎక్కువే పెట్టుకోండి. అందులో నాలుగైదు జతల బూట్లు కూడా ఉంటాయి.

ఇవన్నీ చదివి భయపడకండి. ముందు మీ ఇంటి దగ్గరే చూసుకోండి. న్యూజెర్సీలోనే 70 మైళ్ళకి పైగా ట్రెయిల్ ఉంది. మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం డెలావేర్ వాటర్ గ్యాప్ చేరి, చర్చి హాస్టల్‌లో పడుకోండి. శనివారం ఉదయం పూర్తి బ్యాగుతో నది వంతెన దాటి సన్‌ఫిష్ పాండ్ మీదుగా మోహికన్ అవుట్‌డోర్ సెంటర్ అనే బస దాకా నడవండి, సుమారు 10 మైళ్ళు. ఆ చెరువు ఒడ్డున టెంట్ వేయకూడదు, న్యూజెర్సీ ట్రెయిల్‌లో గుర్తించిన చోట్లలోనే వేయాలి, మంట అసలు వేయకూడదు. ఆదివారం వెనక్కి అదే దారి. అంతకుముందే ఇంట్లో ఆరబెట్టిన పప్పు వండి చూసుకోండి. తిరిగొచ్చాక బ్యాగు బరువెంత, ఏది వాడారు, ఏది వాడలేదు, పాదం ఎక్కడ ఒరుసుకుంది రాయండి. దాన్నిబట్టి సామాను జాబితా నేను కూర్చుని సరిచేసి పెడతాను.